మార్చుటకు ముందు మరల్చుట నేర్చుకొనుము

యౌవనమున మనుష్యునకు సహజముగా నుండు కోరికలలో, చేతికి వచ్చిన వస్తువును వచ్చినది వచ్చినట్లుండనీయక, విప్పి చూచి, లోపల నేమున్నదో తెలిసికొని, తన రుచికి దగినట్లు దిద్దుకొనవలెనను కోరిక మిక్కిలి బలమైనది. దీనిని చిలిపితనమని గద్దించు పెద్దలు ప్రతి యింటను కలరు. కాని యీ కోరిక బొత్తిగా లేనివానికి యంత్రవిద్య యబ్బుట దుర్లభమని ఆ పెద్దలకును తెలియును. కోరికయందు దోషము లేదు, దోషమున్నచో తొందరయందున్నది. మార్చుట యెట్లో యందరును నేర్చుకొందురు. మార్చినదానిని మరల యథాస్థితికి తెచ్చుట నేర్చినవారు కొలదిమందియే. వెనుకకు మరలు త్రోవ తెలిసినవానికి ముందునకు పోవుటయందు భయముండదు గనుక, చేపట్టిన ప్రతి పనియందును ధైర్యముగా అడుగు వేయగలవారును ఆ కొలదిమందియే.

ఆ నేర్పును సాధించుటకు ఈ ప్రకరణమున ఒక యాటవస్తువును గ్రహింతము. ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో ఒక విద్యార్థికి, బెంగుళూరున ఉద్యోగము చేయు అన్నయో బావయో వాడి విడిచిన పీయస్పీ, అనగా సోనీవారి ప్లేస్టేషన్ పోర్టబుల్ అను చేతిలో నిముడు ఆటయంత్రము, లభించినదనుకొందము. ఇది 2004 డిసెంబరులో జపానునందు తొలుత విడుదలయ్యెను. 2014తో దీని కథ ముగిసి, నేడు దొరకునవన్నియు పాతవే. పాతదగుటయే విద్యార్థికి మేలు. ఏలయన, దాని లోపలి నిర్మాణము పదియేండ్లకు పైగా ఔత్సాహికులచే పరిశోధింపబడి, లోకమునకు చక్కగా తెలిసియున్నది. అట్టి యంత్రములు తరచుగా మోడ్ చేసినవై, అనగా తయారీదారు విధించిన కట్టుబాటు సడలింపబడి, వారి యామోదము లేని కార్యక్రమములను గూడ నడుపునవై మన చేతికి వచ్చును. అందలి యొక యాట ప్యాకేజిని విప్పి, మార్చి, మరల కట్టుట యెట్లో చూతము. దానితోపాటు బుద్ధి నెట్లు కట్టుకొనవలెనో కూడ చూతము.

సంతకము, దాని రక్షణ

ఆటను నడుపు కార్యక్రమము, దాని బొమ్మలు, శబ్దములు, పేరు, ఇవన్నియు నొక్కచో కూర్చబడి యొకే ఫైలుగా వచ్చును. దానినే ప్యాకేజి యందురు. సంస్థలు తాము విడుదల చేయు ప్యాకేజిపై గణితరీత్యా ఒక సంతకము చేయును. లోపల నొక్క బైటు మారినను ఆ సంతకము సరిపోదు. సరిపోనిచో సామాన్యయంత్రము ఆ యాటను నిరాకరించును. ప్యాకేజిని దిద్దదలచినవానికి మోడ్ చేసిన యంత్రమే యెందుకు కావలసివచ్చునో దీనివలన తెలియుచున్నది. అట్టి యంత్రము ఈ పరీక్షను వదలివేయును.

ఈ సంతకమునకు బలమంతయు సంస్థ దాచియుంచు రహస్యసంఖ్యయందున్నది. 2010 డిసెంబరులో బెర్లిను నగరమున జరిగిన సాంకేతిక సభలో ఫెయిలోవర్‌ఫ్లో అను బృందమువారు సోనీవారి మఱియొక ఆటయంత్రమగు ప్లేస్టేషన్ 3 విషయమున ఒక విచిత్రమును బయటపెట్టిరి. సంతకము చేయు ప్రతిసారియు క్రొత్తగా నెన్నుకొనవలసిన యొక సంఖ్యను సంస్థవారు ఎల్లప్పుడు నొక్కటిగానే వాడిరట. అందుచేత రెండు సంతకములను ప్రక్కప్రక్కన నిలిపి లెక్క కట్టినంతనే రహస్యసంఖ్య వెలువడెను. సూత్రమునందు లోపము లేదు. ఆచరణమునందు ఒక్క నియమము ఉపేక్షింపబడినది. పెద్దవారి పనులు గూడ చెడుట ఇట్టి చిన్న యుపేక్షలవద్దనే యని గుర్తింపుము.

మఱియొక సంగతి. పరీక్షను వదలివేసిన యంత్రము నీ సదుద్దేశమును, పరుని దురుద్దేశమును వేరుచేసి చూడజాలదు. 2005 అక్టోబరులోనే, పీయస్పీని పాత సాఫ్ట్‌వేరుకు దించునదని చెప్పబడిన యొక ఫైలు వ్యాపించి, నమ్మి నడిపినవారి యంత్రములలోని మూలవ్యవస్థ ఫైళ్లను తుడిచివేసెను. యంత్రము బ్రిక్ అయినదని మన కుర్రవాండ్రందురే, ఆ దశకు చేరి, అవి మరల వెలుగకుండెను. కావున మొదటి నియమము: ఎవరు కూర్చినదో, ఏమి చేయునదో తెలియని ప్యాకేజిని యంత్రమున నిడవలదు. రెండవ నియమము: నీ ప్రయోగమంతయు, తీసి పెట్టదగిన కార్డగు మెమరీ స్టిక్‌పై నున్న యాటలకే పరిమితము కావలెను, యంత్రమున స్థిరముగా నున్న మూలవ్యవస్థను ముట్టవలదు. మెమరీ స్టిక్‌పై జరిగిన తప్పు కాపీతో తీరును. మూలవ్యవస్థలో జరిగిన తప్పు యంత్రముతోనే తీరును.

అధికారము

పని యెట్లు చేయుదునని యడుగుటకు ముందు, చేయుటకు నాకధికారమున్నదా యని యడుగుట సంస్కారలక్షణము. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షనులో, చట్టబద్ధముగా స్వయముగా పొందిన కంప్యూటరు ప్రోగ్రాము ప్రతినుండి, వ్యాపారముకాని సొంత వినియోగమునకై నకలు చేసికొనుటకును, మార్చుకొనుటకును అవకాశమిచ్చినది. నష్టము కలుగకుండ రక్షణార్థము బ్యాకప్ ప్రతి తీసికొనుటను గూడ అనుమతించినది. కాని 2012లో చేరిన 65ఏ సెక్షను ప్రకారము, హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో సాంకేతిక రక్షణలను ఛేదించువారికి రెండేండ్లవరకు కారాగారమును, జరిమానాయును విధింపవచ్చును. కొనిన యాటను సొంతముగా దిద్దుకొనుట వేరు; కొనని యాటను మెమరీ కార్డులో నింపి వందకును రెండు వందలకును అమ్ముట వేరు. ఈ రెంటి నడుమ నున్న గీత సన్ననిదనువారు, దానిని దాటుటకే అట్లందురు.

ఆటలు చేయువారు ఎక్కడనో సముద్రమున కావల నున్నారు, వారికేమి నష్టమని కొందరు సమాధానపడుదురు. కాని 2009లో ప్లేస్టేషన్ 2 కొరకు వెలువడిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ను నిర్మించినది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్, కబడ్డీ మొదలగు మన వీధియాటలను తెరపైకి తెచ్చిన ‘దేశీ అడ్డా’ను నిర్మించినది అదే నగరమందలి గేమ్‌శాస్త్ర. రేపు అట్టి సంస్థలో కూర్చుండి జీతము తీసికొనువాడు నీ తమ్ముడో, నీవో కావచ్చును. కనుక అభ్యాసమునకు, రచయిత తానే యుచితముగా లోకమునకిచ్చిన యాటను, ఔత్సాహికులు హోమ్‌బ్రూ అను దానిని, ఎన్నుకొనుము. ఈ ప్రకరణమందలి సాధనయంతయు అట్టి యాటపైననే చేయవలెను.

మూలరక్షణము

ఇప్పుడు పనికి పూనుకొందము. యంత్రమును తీగతో కంప్యూటరునకు కలిపి, మెమరీ స్టిక్‌లో పీయస్పీ అను ఫోల్డరునందలి గేమ్ అను ఫోల్డరు తెరచినచో, ప్రతి యాటకును వేరువేరు ఫోల్డరులును, వానియందు ఈబూట్ డాట్ పీబీపీ అను ఫైలును కనబడును. అదియే మన ప్యాకేజి. దానిని రెండు చోట్ల కాపీ చేయుము: ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో. ఫోల్డరునకు ‘మూలము’ అని పేరు పెట్టి, చదువుటకు మాత్రమే వీలుండునట్లు అమర్చి, ఇక దానిని తెరువనని నిశ్చయించుకొనుము. మూడవ కాపీ చేసి, దానికి ‘పని’ అని పేరు పెట్టుము. నీ చేయి తగులవలసినది ఈ మూడవదానికే.

కాపీ సరిగా వచ్చినదో లేదో కంటితో చూచి తెలిసికొనుట యసాధ్యము. వేసవిలో కరెంటు పోయి కాపీ నడుమ ఆగినను, తీగ కదలినను, ఫైలు పేరు యథాతథముగనే యుండును. లోపల నేమి పోయినదో పైకి తెలియదు. దీనికి చెక్‌సమ్ అను ఉపాయము కలదు. ఎంత పెద్ద ఫైలునైనను ఎస్‌హెచ్‌ఏ-256 అను గణనకు లోబరచినచో 64 అంకెలును అక్షరములును గల యొక వరుస వచ్చును; ఫైలులో నొక్క బిట్టు మారినను ఆ వరుస వేరగును. ప్రొద్దుటూరునందలి నమ్మకమైన బంగారపు అంగడిలో నగను మెరుగునకు తీసికొనునప్పుడు తూచి, చీటి వ్రాసి యిచ్చి, మరలనిచ్చునప్పుడు తిరిగి తూచి చూపుదురు. చీటికిని త్రాసునకును పొత్తు కుదిరినచో ఇరుపక్షములకును మాటలతో పనియుండదు. చెక్‌సమ్ అట్టి చీటి. మూలమునకు చెక్‌సమ్ తీసి నోటుపుస్తకములో తేదీతో వ్రాసికొనుము.

మూలమును ముట్టక ప్రతిపై పనిచేయుట కడప సీమకు పాత పాఠమే. 1820లో ఈస్టిండియా కంపెనీ యుద్యోగిగా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, తరువాత అక్కడనే బంగళా కొని, సొంత సొమ్ముతో పండితులను నియమించి, తెలుగు కావ్యముల తాళపత్రప్రతులను పలుచోట్లనుండి తెప్పించి, నకళ్లు వ్రాయించి, పాఠములను ఒకదానితో నొకటి సరిపోల్చించెను. ఆయన ఎన్నిక చేసిన వేమన పద్యములు 1829లో అచ్చుపడెను. దిద్దుబాటు క్రొత్త నకలుపై సాగుచుండగా పాతప్రతి సాక్షిగా నిలిచియుండుటచేత, బ్రౌను ఎన్నిక సరికాదని తలచినవాడు మరల మూలమును చూచి తన తీర్పు తాను చేసికొనుటకు వీలుచిక్కెను. దిద్దువాడు ఎంతటి పండితుడైనను, తన తరువాత వచ్చువాని కీ వెసులుబాటు మిగుల్చుట అతని ధర్మము.

గర్భపరిశీలనము

పీబీపీ ఫైలును విప్పు సాధనములు అనేకములు ఉచితముగా లభించును. కాని సాధనము చేయు పని నీకు తెలియకున్నచో, నీవు దానిని వాడుట లేదు, అది నిన్ను వాడుచున్నది. ఫైలు మొదట 40 బైట్ల పీఠిక యుండును. అందు నాలుగు బైట్లు ఇది పీబీపీ యని తెలుపు గుర్తు. నాలుగు బైట్లు కూర్పు సంఖ్య. మిగిలిన 32 బైట్లలో ఎనిమిది సంఖ్యలు. ఆ యెనిమిదియు, తరువాత వచ్చు ఎనిమిది భాగములు ఫైలులో నెక్కడనెక్కడ మొదలగునో చెప్పునవి. మొదటి భాగము పారామ్ అను పట్టిక, అందు ఆట పేరు మొదలగు వివరములుండును, రెండవది ఐకాన్ జీరో, అనగా తెరపై కనబడు చిన్న బొమ్మ, మూడవది కదలుబొమ్మ, నాలుగు, అయిదు భాగములు తెరపై కనబడు ఇతర చిత్రములు, ఆరవది శబ్దము, ఏడవది ఆటను నడుపు అసలు కార్యక్రమము, ఎనిమిదవది తక్కిన సామగ్రి. మొదటి యేడింటిలో ఏదేని భాగము లేకున్నచో దాని సంఖ్యయు, దాని తరువాతి సంఖ్యయు సమానముగా నుండును.

ఈ యమరికలో ఒక నీతి దాగియున్నది. చిన్న బొమ్మ మొదట 6,000 బైట్లుండి, నీవు పెట్టిన క్రొత్త బొమ్మ 9,000 బైట్లైనదనుకొందము. బొమ్మ మార్చితినని నీవు సంతోషింతువు. కాని దాని వెనుకనున్న ఆరు భాగములును 3,000 బైట్లు ముందునకు జరిగినవి. పీఠికలోని ఆరు సంఖ్యలను అంతే పెంచనిచో, యంత్రము పాత స్థానమునకు పోయి కార్యక్రమమునకు బదులు బొమ్మ తునకను చదువబోయి నిలిచిపోవును. మంచి సాధనము ఈ సంఖ్యలను తానే సరిచేయును. అయినను ఒక్కసారి ఫైలులోని బైట్లను ఉన్నవి యున్నట్లు చూపు హెక్స్ ఎడిటరులో ఆ 40 బైట్లను నీ కంటితో చూచి, లెక్క నీ చేతితో కట్టి చూడుము. ఒకచోట చేసిన మార్పు ఎంతదూరము ప్రాకునో తెలిసికొనుటకు ఇంతకంటె సులభమైన పాఠము దొరకదు.

ఒకసారి కొక్క మార్పు

విద్యార్థులు చేయు ప్రధానమైన పొరపాటు, ఉత్సాహమున బొమ్మ, పేరు, శబ్దము అన్నియు నొక్కసారి మార్చి, ఆట తెరచుకొననప్పుడు దేనివలన చెడెనో తెలియక అన్నిటిని అనుమానించుట. ఒకసారి కొక్కటియే మార్చుము. మొదట ఐకాన్ జీరో: 144 నిలువుగీతల వెడల్పు, 80 అడ్డుగీతల ఎత్తుగల పీయన్‌జీ బొమ్మను, అదే కొలతతో సిద్ధపరచి, పాతదానిస్థానమున నుంచి, ప్యాకేజి కట్టి, యంత్రమున పరీక్షింపుము. ఫలితము వ్రాసికొనుము. అది కుదిరిన తరువాతనే పేరు జోలికి పొమ్ము.

పేరు మార్చుట చూచుటకు మిక్కిలి సులభము. తెలుగువానికి ఇందొక విశేషము కలదు. పారామ్ పట్టికలో పేరునకు 128 బైట్ల చోటున్నది, అందు చివరిది ముగింపు గుర్తు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. యూటీయఫ్-8 పద్ధతిలో తెలుగు లిపియందలి ప్రతి సంకేతమునకును మూడు బైట్లు కావలెను, ఒత్తును గుణింతపు గుర్తును గూడ వేరువేరు సంకేతములుగనే లెక్కించును. ప్రొద్దుటూరు అను పేరు 12 సంకేతములు, 36 బైట్లు, జమ్మలమడుగు 10 సంకేతములు, 30 బైట్లు, పులివెందులయు అంతే. మూడు పేర్లను నడుమ ఖాళీలతో వ్రాసినచో 98 బైట్లై, చోటు సరిపోవును. సరిపోయినను ఫలము లేదు! ఆ యంత్రమునందు తెలుగు ముద్రాక్షరములు లేనందున పేరు తెలుగున కనబడదు.

ఇచట నిరాశపడి విడుచువాడొకడు, మూలవ్యవస్థలోని ముద్రాక్షరములనే మార్చెదనని సాహసించి యంత్రమును పోగొట్టుకొనువాడొకడు. వివేకి మూడవ త్రోవ పట్టును: పట్టికలో పేరును ఇంగ్లీషు లిపిలో నుంచి, తెలుగు పేరును ఐకాన్ బొమ్మలోనే చిత్రముగా లిఖించును. 144 చుక్కల వెడల్పులో తెలుగు అక్షరములు స్పష్టముగా నుండవలెనన్న పేరు చిన్నదై, వ్రాత లావై యుండవలెను. ఒత్తులు క్రిందను, గుణింతపు గుర్తులు మీదను తెగిపోకుండ అంచులయందు చోటు విడువవలెను. అడ్డంకి యెక్కడ నున్నదో సరిగా గుర్తించినవానికి, దానిని పగులగొట్టక చుట్టి పోవుటకు దారి దొరకుట కిది నిదర్శనము.

మార్పు విడిగా నిలుచుట

1993లో వెలువడిన ‘డూమ్’ అను ఆట ఈ విషయమున లోకమునకు మార్గదర్శకమైనది. దాని నిర్మాతలు ఆటను నడుపు కార్యక్రమమును ఒకవైపునను, పటములు, బొమ్మలు, శబ్దములను వాడ్ అను వేరొక ఫైలులోను ఉంచిరి. అభిమాని తన మార్పులను మాత్రమే మఱియొక చిన్న వాడ్ ఫైలులో కూర్చి తోడుగా నిచ్చినచో, ఆట మూలమునందలి భాగమునకు బదులుగా దీనియందలి భాగమును గ్రహించును. తోడుఫైలును తీసివేసినంతనే మూలము చెక్కుచెదరక యథాపూర్వముగా నడచును. 1997 డిసెంబరులో ఆ యాట మూలరచన, అనగా సోర్స్ కోడు, లోకమునకు వెల్లడింపబడిన తరువాత అది అసంఖ్యాకములైన యంత్రములకు ప్రాకెను.

నీ మార్పును మిత్రునకు పంపదలచినప్పుడు గూడ ఈ పద్ధతినే పాటింపుము. ఆటనంతను పంపిన అది పరుల సొత్తును పంచిపెట్టుటయగును. మూలమునకును, మార్పునకును గల భేదమును మాత్రమే యొక చిన్న ఫైలుగా తీయు సాధనములు కలవు; వానిలో ఎక్స్‌డెల్టా ప్రసిద్ధమైనది. ఆ భేదము, తన మూలము తనవద్ద నున్నవానికే యుపయోగపడును. న్యాయమును నిలిచెను, పనియు జరిగెను.

మరల్చుట

మార్పు కుదిరినదని సంతోషించిన వెంటనే, రెండవ మార్పునకు పోకమునుపు, ఈ చిన్న వ్రతమును తప్పక పాటింపుము. మార్చిన ప్యాకేజిని యంత్రమునుండి తొలగించి, ‘మూలము’ ఫోల్డరునుండి పాతదానిని మరల పెట్టి, దాని చెక్‌సమ్ తీసి, నోటుపుస్తకములోని వరుసతో పోల్చి, ఆట తెరచి చూడుము. పెక్కుమంది ఈ మెట్టును వదలివేయుదురు. బ్యాకప్ ఉన్నదను ధీమాతో నుండి, అవసరము వచ్చిన నాడు తెరచి చూడగా అది సగము కాపీయైనదని తెలిసికొందురు. పరీక్షింపని బ్యాకప్ ఆశయే గాని ఆధారము కాదు.

నోటుపుస్తకములో ప్రతి మార్పునకును నాలుగు సంగతులు వ్రాయుము: తేదీ, మార్చినదేమి, ఏల మార్చితిని, ఏమైనది. సాఫ్ట్‌వేరు వృత్తియందు నేడు లోకమంతయు వాడుచున్న గిట్ అను సాధనము, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు అను మూలవ్యవస్థ పనికొరకు నిర్మించినది, ఈ క్రమశిక్షణకే యంత్రరూపము. మార్పు చేసినదెవరు, ఎప్పుడు, ఏల యను వివరములను దాచి, కోరిన నాటి స్థితికి మరలించును. పులివెందుల జేయన్‌టీయూ కళాశాలలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో చేరిన విద్యార్థి దానిని పాఠముగా నేర్చుకొనునప్పుడు, ఈ నోటుపుస్తకము వ్రాసినవానికి అది క్రొత్తగా దోపదు.

ఇదే శీలము ఆటయంత్రమును దాటి జీవితమునకు ప్రసరించును. అంగడి లెక్కల పద్ధతిని మార్చువాడు పాత పుస్తకమును ఒక నెలపాటు ప్రక్కన నడుపును. పొలమున క్రొత్త విత్తనము వేయువాడు మొదట ఒక మడిలో వేసి చూచును. కుటుంబములో నొక యాచారమును మాన్పదలచినవాడు ముందుగా అదెందుకు పుట్టెనో విచారించును. వీరిని పిరికివారని పరిహసించువారు కలరు. నిజమునకు సాహసమను మాట వీరికే తగును. పరిణామము లెక్కింపక దూకువాడు తన యదృష్టమును పరీక్షించుచున్నాడు, అంతే.

సాధన

ఈ వారము నీవు చేయవలసిన పని యిది. ఉచితముగా నివ్వబడిన యొక హోమ్‌బ్రూ ఆటను తీసికొని, పైని చెప్పిన క్రమమున మూలము దాచి, చెక్‌సమ్ వ్రాసి, ఐకాన్ బొమ్మలో నీ యూరి పేరును తెలుగున లిఖించి, ప్యాకేజి కట్టి, నడిపి చూడుము. తరువాత ఎక్స్‌డెల్టాతో భేదమును తీసి, దానిని, నోటుపుస్తకపు నకలును వేరొక యూరి మిత్రునకు పంపుము. అతడు అదే యాటను దాని రచయితవద్దనుండి తానే తెచ్చుకొని, నిన్ను ఫోనులో ఒక్క ప్రశ్నయు అడుగక, నీ వ్రాత నొక్కదానిని చదివి నీ మార్పును చేయగలిగి, మరల తీసివేయగలిగి, చివర నతని చెక్‌సమ్ నీ పుస్తకములోని మొదటి వరుసతో సరిపోయినచో, తరువాతి ప్రకరణమునకు పొమ్ము. అతడు ఎచటనైనను ఆగినచో, ఆ చోటు నీ నోటుపుస్తకములో లోపించిన వాక్యము. దానిని వ్రాసి మరల పంపుము.